తమ్ముడి జవాబులు

మొన్నటి మిరప కోతల కాలంలో ఫోను మా తమ్ముణ్ణి అడిగిన ప్రశ్నలకు ముప్పై ఆరు రోజుల పాటు నేను జవాబులు చెప్పాను. వాటిలో ఒక్కటీ నిజం కాదు. అయినా అబద్ధం ఆడుతున్నానని నాకప్పుడు అనిపించలేదు. ఎందుకు అనిపించలేదా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

మా ఊరు మార్టూరుకి ఎనిమిది కిలోమీటర్లు. మాకు నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి. తమ్ముడు సురేంద్ర నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నవాడు. సేద్యం తనవల్ల కాదని మార్టూరులో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాడు. ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు. ఒకటి నా భార్య మాణిక్యమ్మది, రెండోది మరదలు మాధవీలతది.

పుష్యమాసం చివర్లో ఒక మధ్యాహ్నం ఆ ఫ్యాక్టరీలో క్రేను గొలుసు తెగి, రాతి పలకలు కింద నిలబడ్డ బుడే మీద పడ్డాయి. బుడేది మా పక్క ఊరు. వాడూ సురేంద్రా పదేళ్ళుగా ఒకే బండి మీద పనికి వెళ్ళేవాళ్ళు. పలక ఎత్తబోయి సురేంద్ర కుడిచెయ్యి నలిగింది. వాడి ఫోను కూడా ఆ పలకల కిందే నుగ్గయింది. బుడే అక్కడికక్కడే పోయాడు. అప్పుడు క్రేను బటన్లు ఉన్నది సురేంద్ర చేతిలో. గొలుసు పాతబడిందని ఇద్దరూ అంతకుముందే చెప్పారట. తప్పు నీది కాదని వచ్చినవాళ్ళంతా అన్నారు.

గుంటూరు ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. మూడో రోజున రాగసుధ అనే అమ్మాయి మంచం దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. మందులిచ్చే డాక్టరు కాదు, ఇలాంటి ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్ళతో మాట్లాడే కౌన్సిలర్. బ్రాడీపేటలో వాళ్ళ ఆఫీసుందని చెప్పింది.

"సురేంద్ర గారూ, ఒక మాట సూటిగా అడుగుతాను. గంజాయి అలవాటుందా?"

నేను అడ్డం వెళ్ళాను. "అయ్యో, మా ఇంట్లో అలాంటివి లేవమ్మా. కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టం."

"మిమ్మల్ని కాదండీ. ఆయన్ని అడుగుతున్నాను."

సురేంద్ర గోడవైపు చూస్తూ, "అప్పుడప్పుడు. ఆదివారాలు," అన్నాడు. మళ్ళీ, "బుడేకి కూడా తెలీదు," అన్నాడు.

పక్క మంచాలవాళ్ళు విన్నారేమోనని చూశాను. ఆ అమ్మాయి మాత్రం ఆదివారాలు టిఫిన్‌కి ఏం తింటావని అడిగి తెలుసుకున్నట్టు తలూపి రాసుకుంది.

"ఇంత పెద్ద ప్రమాదం చూసినవాళ్ళకి మొదటి నెలలే ముఖ్యం," అంది. "నిద్ర పట్టదు. జరిగింది పదేపదే కళ్ళముందుకొస్తుంది. దాన్ని ఆపడానికి, అలవాటున్నవాళ్ళు గంజాయి ఎక్కువ చేస్తారు. ఏడాది తర్వాత మా దగ్గరికి తీసుకొస్తారు. అప్పటిదాకా ఆగకుండా ముందే అందుకుందామని ఫోన్‌లో ఒక ఏర్పాటు చేశాం. కొత్తది. ఎంతవరకు పనిచేస్తుందో మేమూ చూస్తున్నాం."

రోజుకి మూడుసార్లు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోను మోగుతుంది. నిద్ర ఎలా పట్టింది, ఆ రోజు జరిగింది గుర్తొచ్చిందా, గంజాయి తాగాలనిపించిందా, తాగారా అని అడుగుతుంది. జవాబును బట్టి ఏదో ఒకటి చెప్పి చేయిస్తుంది. మరీ బాగాలేదని తెలిస్తే రాగసుధే ఫోన్ చేస్తుంది. మూడు నెలలు. సురేంద్రకి ఫోను లేదు, కుడిచేతికి కట్టు. అందుకని దాన్ని నా ఫోన్‌లో ఎక్కించారు.

"ఇదంతా పోలీసులకి వెళ్తుందా అమ్మా?"

"వెళ్ళదండీ. సంతకం పెట్టే కాగితంలో రాసుంది, చదువుకోండి." మళ్ళీ అంది, "ఒకటే నియమం రోశయ్య గారూ. జవాబులు ఆయనవే కావాలి. బాగాలేదని వస్తేనే నేను ఫోన్ చేస్తాను. బాగుందని వస్తే చెయ్యను."

కాగితం రెండుసార్లు చదివాను. చదివినంత మాత్రాన భయం పోతుందా?

ఇంటికొచ్చేసరికి మొదటి కోత మొదలైంది. పొలం పక్కనే కల్లం. కోసిన కాయని పట్టాల మీద పోసి ఎండబెడతాం, పొద్దెక్కాక తిరగేస్తాం, సాయంత్రం మంచు పడకుండా కప్పుతాం. సురేంద్ర ఆ గట్టు మీద కూర్చునేవాడు. ఫోను మోగితే నేను చదివేవాణ్ణి, వాడు చెప్పేవాడు, నేను నొక్కేవాణ్ణి.

మూడో రోజో నాలుగో రోజో, జరిగింది గుర్తొచ్చిందా అంటే అవునన్నాడు. ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు వచ్చింది: "పాదాలు నేలకి ఆనించండి. ఇప్పుడు గుండెల నిండా ఊపిరి పీల్చుకోండి."

వాడు పీల్చాడు. అంతే, తుమ్ములు. ఒకటి కాదు, పది. కళ్ళవెంట నీళ్ళు.

"అన్నయ్యా! ఈవిడెవరో మిరప కల్లంలో ఊపిరి పీల్చమంటోంది. చంపేస్తుందిరా బాబూ!"

కోతకొచ్చిన ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. వాడూ నవ్వాడు. ప్రమాదం తర్వాత వాడి నవ్వు అదే మొదటిసారి వినడం. సాయంత్రం రాగసుధ ఫోన్ చేస్తే ఈ సంగతి వాడే చెప్పాడు. ఆవిడ కూడా నవ్విందట. ఇక మీదట ఘాటు తగలని చోటికి, బోరు దగ్గరికెళ్ళి చెయ్యమందట. వాడు వెళ్ళి చేసేవాడు. రెండురోజులకోసారి ఆవిడ ఫోన్ వచ్చేది. మాట్లాడాక కాస్త అన్నం తినేవాడు.

అది పనిచేస్తోందని అప్పుడు నాకు తెలియలేదు.

ఒక సాయంత్రం అందరం వసారాలో ఉన్నాం. ఫోను మోగింది. నేను అలవాటుగా పైకే చదివాను. "ఇవాళ గంజాయి తాగారా?"

"తాగాను. రెండు," అన్నాడు సురేంద్ర.

మాధవీలత చేతిలో పళ్ళెం అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళ తొమ్మిదేళ్ళ కూతురు వేదశ్రీ నా మోకాలు పట్టుకుని, "పెద్దనాన్నా, రెండు ఏంటి?" అంది.

మర్నాడే పక్కపొలం బాలస్వామి ఒక కబురు తెచ్చాడు. అద్దంకి రోడ్డులో గంజాయి కేసులో ఇద్దర్ని పట్టుకున్నారట, ముందు వాళ్ళ ఫోన్లే తీసుకున్నారట. నా జేబులో ఫోను బరువెక్కింది. తేదీతో, టైముతో మా తమ్ముడి తాగుడంతా అందులోనే ఉంది. ఫోను ఉన్నది నా పేరు మీద.

మా ఇంట్లో పొద్దున దీపం పెట్టేది నేను. సంకల్పంలో గోత్రం చెప్పి, భార్య పేరు, తమ్ముడి పేరు, మరదలి పేరు, పిల్లల పేర్లు వరసగా చెబుతాను. వాళ్ళు ఎదురుగా ఉండక్కర్లేదు. సురేంద్ర ఫ్యాక్టరీలో ఉన్నా, మంచం మీద పడుకుని ఉన్నా, వాడి పేరు దేవుడికి చేరేది నా నోటితోనే. మా నాన్న కూడా అలాగే అందరి తరఫునా చెప్పేవాడు. ఇంటిపెద్ద చెబితే అందరూ చెప్పుకున్నట్టే. ఫోను చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలా అనుకుంటుంటే నాకు ఈ దారి దొరికింది.

ఆ మర్నాటి నుంచి మోత వినపడకుండా చేశాను. పొద్దున దీపం పెట్టాక, మళ్ళీ మధ్యాహ్నం, సాయంత్రం ఫోను తీసి నేనే నొక్కేవాణ్ణి. నిద్ర బాగా పట్టింది. ఏమీ గుర్తుకు రాలేదు. తాగాలనిపించలేదు. తాగలేదు. అవి జరిగినవి కావు, జరగాలని నేను కోరుకునేవి. దేవుడి ముందు చెప్పుకునేవి కూడా అలాంటివేగా అనుకున్నాను. పైగా నలభై రోజులు శివాలయంలో అభిషేకం మొక్కుకున్నాను. ఒంటిపూట భోజనం. రెండూ కలిసి పనిచేస్తాయనుకున్నాను.

వారానికి ఫోను నన్ను మెచ్చుకుంది. "శభాష్, మీరు చాలా బాగా ఉన్నారు," అని ఆకుపచ్చ నక్షత్రం వేసింది. పదో తరగతిలో లెక్కలు పాసైనప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

"ఏంటండీ రోశయ్య గారూ, ఫోను చూసి ముసిముసి నవ్వులు? మా మాణిక్యమ్మ గారికి చెప్పమంటారా?" అంది కోతల్లో ఒకావిడ.

"చెప్పవే తల్లీ, ఆయన్ని చూసి నవ్వేవాళ్ళు కూడా ఉన్నారంటే నాకూ గౌరవమే," అంది మాణిక్యమ్మ వెనకనుంచి.

మరో వారానికి రోజుకి మూడుసార్లు అడిగేది కాస్తా ఒక్కసారే అడగడం మొదలుపెట్టింది. రాగసుధ నుంచి ఫోన్లు ఆగిపోయాయి. సురేంద్ర రెండుమూడుసార్లు, "ఆ అమ్మాయి చెయ్యట్లేదే?" అన్నాడు. పనిలో ఉండి ఉంటుందన్నాను.

శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళాం. ఎత్తైన ప్రభల మధ్య, జనంలో సురేంద్ర బెదిరిపోతాడేమోనని వాడి భుజం మీద చెయ్యి వేసి నడిపించాను. మెట్ల పక్కన ఒక బైరాగి చిలుం పీలుస్తున్నాడు. ఆ వాసన ఏమిటో నాకు అప్పటికి తెలుసు. ముందువాళ్ళు దణ్ణం పెడుతుంటే నేనూ పెట్టాను.

"ఆయన పీలిస్తే దణ్ణం. నేను పీలిస్తే ముఖం తిప్పుకుంటావు," అన్నాడు సురేంద్ర.

"ఆయన సన్యాసిరా. నీకు పెళ్ళాం పిల్లలున్నారు."

"అంటే, నేను కూడా వాళ్ళని వదిలేసి పోతే ఫర్వాలేదన్నమాట."

నవ్వులాటకి అన్నాడనుకున్నాను. దర్శనమయ్యాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ పొగలో బైరాగికి ఎవరు కనిపిస్తారో నాకు తెలియదు. మా తమ్ముడికి ఎవరు కనిపించకుండా పోవాలో తెలుసు. స్వామి ముందు ఈ సంగతే అడుగుదామనుకున్నాను. వెనకాల జనం తోశారు. పేర్లు చెప్పి బయటికొచ్చాను.

ఫాల్గుణంలో రెండో కోత. ఒక శనివారం మధ్యాహ్నం బాలస్వామి ట్రాక్టరు మీద కాయ తెచ్చాడు. ట్రక్కు వెనక తలుపు గొళ్ళెం తియ్యగానే ఆ ఇనప రేకు దభీమని పడింది. రోజూ పడేదే. ఆ రోజు సురేంద్ర దానికి దగ్గరగా ఉన్నాడు.

చూసేసరికి వాడు ఎండుమిరప మీద బోర్లా పడి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని ఉన్నాడు. "బుడే, పక్కకి రారా! పక్కకి రారా!" అని అరుస్తున్నాడు. కోతలవాళ్ళలో ఒకమ్మాయి తెలియక నవ్వబోయి ఆగిపోయింది. బాలస్వామి ఇంజను ఆపేశాడు. కాసేపటికి వాడే లేచాడు. ముఖానికంతా కారం. ఎవరివైపూ చూడకుండా పత్తికట్టె కుప్ప దగ్గరికి నడిచి, అందరూ చూస్తుండగానే జేబులోంచి తీసి వెలిగించాడు. అన్నాళ్ళూ కుప్ప వెనక తాగేవాడు. ఆ రోజు దాని ముందరే కూర్చున్నాడు.

నేను చేసేదేమీ తోచక ఫోను తీశాను. పొద్దున పనిలో పడి ఆ రోజు జవాబులు చెప్పలేదు. నిద్ర బాగా పట్టింది. ఏమీ గుర్తుకు రాలేదు. తాగాలనిపించలేదు. తాగలేదు. అక్కడిదాకా నొక్కాను. శనివారాలు చివర్లో ఒక ప్రశ్న ఎక్కువ ఉంటుంది. "ఈ వారంలో బతకడం ఎందుకు అని ఎప్పుడైనా అనిపించిందా?" అప్పటికి ఐదు శనివారాలు "లేదు" నొక్కాను. మొదటిసారి చదివినప్పుడైతే శివ శివ అనుకుంటూ చెయ్యి కాలినట్టు నొక్కి మూసేశాను.

ఈసారి వేలు ముందుకి వెళ్ళలేదు. ఇది నాకు తెలియదు అనుకున్నాను. మిగతావి కూడా తెలియవు కానీ ఇది అసలే తెలియదు. లేచి కుప్ప దగ్గరికి వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను.

"ఒరేయ్. ఫోను ఒకటి అడుగుతోందిరా."

"ఇంకా అడుగుతోందా అది? ఆపేశారనుకున్నాను. ఆ అమ్మాయి కూడా ఫోన్ చెయ్యడం మానేసింది కదా. వీడు బాగుపడే రకం కాదని వదిలేసినట్టున్నారు, పోన్లే అనుకున్నా."

నేను ప్రశ్న చదివాను. వాడు చేతిలోది నేలకి రాసి ఆర్పాడు.

"ఇన్నాళ్ళూ దీనికి నువ్వేం నొక్కావు?"

"లేదని."

"ఇప్పుడూ అదే నొక్కు. నీకు కావాల్సింది అదేగా."

"నాకేం కావాలో కాదురా. నువ్వు చెప్పు."

వాడు తన కుడిచేతి వైపు చూశాడు. "అనిపిస్తోంది," అన్నాడు. "రోజూ. మొన్న మంగళవారం బాగా అనిపించింది. మీరంతా గుడికెళ్ళారు."

మంగళవారం నేను నిద్ర బాగా పట్టిందని నొక్కాను.

"అవును" అన్నచోట వేలు పెట్టబోతుంటే వాడు ఎడమచేత్తో ఫోను లాక్కుని తనే నొక్కాడు.

ఐదు నిమిషాలు కాలేదు, రాగసుధ ఫోన్ చేసింది. ఫోను వాడికివ్వాలి. కానీ ముందు నేనే మాట్లాడాను.

"అమ్మా, రోశయ్యని. ఇన్నాళ్ళూ జవాబులు చెప్పింది వాడు కాదు. నేను."

"ఎప్పటినుంచండీ?"

"ముప్పై ఆరు రోజులు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"సరే," అంది. "ఇంట్లో పురుగుమందులు ఎక్కడ పెడతారు?"

"వసారాలో, అరలో."

"ఇవాళే ఇంట్లోంచి తీసెయ్యండి. బయటెక్కడైనా పెట్టి తాళం వెయ్యండి, ఆ తాళంచెవి మీ ఇంట్లో ఉండకూడదు. కొన్నాళ్ళు ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. ఇప్పుడు ఫోను ఆయనకివ్వండి. మీరు కొంచెం దూరంగా వెళ్ళండి. మాటలు వినపడకూడదు, మనిషి కనపడుతూ ఉండాలి."

నేను కల్లంలోకి వెళ్ళి కాయ తిరగెయ్యడం మొదలుపెట్టాను. అప్పటికే ఒకసారి తిరగేసిన కాయ. మాణిక్యమ్మ వచ్చి ఏమైందంది. చెప్పాను, మొత్తం. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, "దేవుడికి చెప్పే పేర్లు వేరు, డాక్టరుకి చెప్పే జబ్బు వేరు కదయ్యా," అంది. "నాకు కడుపునొప్పి వస్తే నీ పొట్ట చూపించి మందు తెచ్చావా ఎప్పుడైనా?"

వాడు గంటకు పైగా మాట్లాడాడు. మధ్యలో ఏడ్చినట్టున్నాడు. దూరం నుంచి భుజాలు కనిపించాయి. ఏం మాట్లాడాడో నేను అడగలేదు, ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రమే డబ్బాలన్నీ గోనెలో వేసి బాలస్వామి మోటారు షెడ్డులో పెట్టాం. తాళంచెవి వాళ్ళావిడ పుస్తెలతాడుకి కట్టుకుంది.

మర్నాడు ఆదివారమైనా రాగసుధ బ్రాడీపేటలో ఆఫీసు తీయించి కూర్చుంది. డాక్టరు కూడా వచ్చాడు. మందులు రాశాడు. సురేంద్ర, మాధవీలత లోపల ఉన్నంతసేపూ నేను బయట కుర్చీలో ఉన్నాను. వాళ్ళు మందుల కోసం వెళ్ళాక రాగసుధ నా పక్కకొచ్చి కూర్చుంది.

"మీ జవాబులు తీసేశాం రోశయ్య గారూ. ఆ రోజులు మా దగ్గర ఖాళీగా ఉంటాయి."

"మళ్ళీ నింపలేమా అమ్మా? వాణ్ణడిగి?"

"ఎలా గుర్తుంటాయండీ?"

నిజమే. ఆ ముప్పై ఆరు రోజులు వాడికి ఎలా గడిచాయో ఇక వాడికి కూడా పూర్తిగా తెలియదు. తప్పంతా నాదేనా అని అడిగాను. భయపడ్డవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారని అంది. అది ఓదార్పో, మర్యాదో తేల్చుకోలేకపోయాను. "మీరు ఆ ప్రశ్న వెళ్ళి అడిగారు కదా, అది గుర్తుపెట్టుకోండి," అంది.

అక్కడే ఒక పాత ఫోను కొన్నాం. అది సురేంద్రది. నా ఫోన్‌లోంచి ఆ ఏర్పాటు తీసేశారు. వాడు ఎడమచేత్తో తంటాలు పడి నొక్కేవాడు. నేను అటు చూసేవాణ్ణి కాదు. చూడకుండా ఉండటం మొదట్లో ఒంటిపూట భోజనం కంటే కష్టమైంది. నలభై రోజుల మొక్కు పూర్తయింది. పంతులు తీర్థం ఇస్తూ, తమ్ముడికి నెమ్మదించిందా అని అడిగాడు. "వాణ్ణే అడగండి స్వామీ," అన్నాను. ఆయన వింతగా చూశాడు.

వాడికి ఒక్కసారిగా ఏమీ నెమ్మదించలేదు. మందుల వల్ల కొన్నాళ్ళు మత్తుగా ఉన్నాడు. ఒకరోజు వేదశ్రీని ఊరికే కసిరి, తర్వాత వెళ్ళి దాని పక్కన కూర్చున్నాడు. ఫ్యాక్టరీకి వెళ్ళనన్నాడు. వద్దన్నాం. కల్లంలో పనికి దిగాడు.

చైత్రం చివరికి ఆఖరి కోత కూడా అయిపోయింది. కాయ నింపిన టిక్కీ బస్తాలన్నీ గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళిపోయాయి. ఖాళీ కల్లంలో నేనూ వాడూ పట్టాలు దులిపి మడతేస్తున్నాం. ఎండ ఇంకా ముదరలేదు.

"నిన్న తాగాను అన్నయ్యా," అన్నాడు. నేను అడగలేదు. "పద్దెనిమిది రోజులు ఊరుకున్నాను. నిన్న ఒకటి."

నేను పట్టా వదిలేసి వాడివైపు చూశాను.

"బుడే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ టీ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను కానీ గొంతు దిగలేదు. అలాగే పెట్టేసి బయటికొచ్చేశాను. రోడ్డు మీదికి రాగానే తాగాను. ఫోన్‌లో కూడా చెప్పేశాను."

"కరీమున్ ఏమంది?"

"ఏమంటుంది? వాకిట్లో రేకు ఊగుతోందట, గాలొస్తే చప్పుడట. చూసిపొమ్మంది. నిన్న నా వల్ల కాలేదు. ఆదివారం వస్తానన్నాను."

నా నోటిదాకా చాలా వచ్చాయి. ఇనప రేకు పని నీకెందుకురా, ఆ చప్పుడు నువ్వు పడగలవా, నేను వెళ్ళి బిగించి వస్తానులే. ఏదీ అనలేదు. వంగి పట్టా కొస అందుకున్నాను. వాడు రెండో వైపు ఎడమచేత్తో ఒక మూల, మూడు వేళ్ళున్న కుడిచేత్తో ఇంకో మూల పట్టుకున్నాడు. దగ్గరికి నడిచి మడత పెట్టాం. నా వైపు వంకర వచ్చింది.

"మళ్ళీ విప్పు," అన్నాడు. "సరిగ్గా పట్టుకో అన్నయ్యా."